కెర్నల్‌తో వచ్చిన మాడ్యూలా, మనం కంపైల్ చేసుకున్నదా? ప్రొడక్షన్ సర్వర్ల కోసం సమగ్ర మార్గదర్శి

కెర్నల్ అప్‌డేట్ అయింది, సర్వర్ రీబూట్ అయింది, ఎస్‌ఎస్‌హెచ్ కూడా వచ్చింది. డేటాబేస్ మాత్రం లేవలేదు. ఏమిటా అని చూస్తే డేటా ఉన్న జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ పూలే, అంటే దాని డిస్కుల సమూహమే, కనిపించడం లేదు. జడ్‌పూల్ స్టేటస్ కొడితే మాడ్యూల్స్ (కెర్నల్‌లోకి విడిగా ఎక్కించే డ్రైవర్ లాంటి ముక్కలు) లోడ్ కాలేదంటుంది. మోడ్‌ప్రోబ్‌తో లోడ్ చేయబోతే ఈ కెర్నల్ కింద అసలు అలాంటి మాడ్యూలే లేదంటుంది. లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. పాత కెర్నల్‌కు ఎవరో ఎప్పుడో కంపైల్ చేసి పెట్టిన మాడ్యూల్ కొత్త కెర్నల్‌కు తయారు కాలేదు, అంతే.

ఇక్కడ ఉదాహరణకు మొదటి నుంచీ జడ్‌ఎఫ్‌ఎస్‌నే తీసుకుంటున్నాను. ఒకే మాడ్యూల్ అన్ని దారుల్లోనూ దొరికేది ఇదొక్కటే అనుకోవచ్చు. ఉబుంటు 16.04 నుంచి దీన్ని కెర్నల్‌తో పాటే కట్టి ఇస్తోంది. ప్రాక్స్‌మాక్స్ కూడా అంతే. డెబియన్ మాత్రం సోర్స్ ఇచ్చి, కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను మళ్లీ కట్టే డీకేఎంఎస్ అనే టూల్ ద్వారా మీ మెషీన్ మీదే కంపైల్ చేయిస్తుంది. రెడ్ హ్యాట్ కుటుంబానికి ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ ప్రాజెక్టే ముందే కంపైల్ చేసిన కేమాడ్ ప్యాకేజీలనూ, డీకేఎంఎస్ ప్యాకేజీలనూ రెండింటినీ ఇస్తుంది. ఇవేవీ వద్దనుకుంటే సోర్స్ తెచ్చుకుని సొంతంగా కట్టుకోవచ్చు. ఇన్ని దారులు ఉండటానికి అసలు కారణం లైసెన్సు. కెర్నల్‌ది జీపీఎల్ 2, జడ్‌ఎఫ్‌ఎస్‌ది సీడీడీఎల్. అందుకే అది లైనస్ టోర్వాల్డ్స్ నడిపే కెర్నల్ సోర్స్ చెట్టులో చేరలేదు, చేరే సూచనా లేదు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్లకు, ఎన్విడియా డ్రైవర్లకు కూడా కింద చెప్పే మెట్లు దాదాపు ఇలాగే వర్తిస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ పంపిణీ) ఇచ్చే మాడ్యూల్ మీ పనికి సరిపోతే అదే వాడండి. కంపైల్ చేయడం పెద్ద విషయం కాదు, ఒక పూటలో అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కూ మళ్లీ కట్టి, డిజిటల్ సంతకం పెట్టి, పరీక్షించే బాధ్యత ఆ సర్వర్ ఉన్నన్నాళ్లూ మీ మీదే ఉంటుంది. మునిసిపాలిటీ కుళాయి మానేసి సొంత బోరు వేయించుకున్నట్టు: నీళ్లు మీ ఇష్టం, మోటారు కాలితే పరుగు కూడా మీదే.

కమాండ్లను, ఫైళ్ల పేర్లను ఫోన్‌లో చెప్పుకున్నట్టు తెలుగులోనే రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఇప్పుడు నడుస్తున్నది ఏది?

ఇది చూడకుండా నిర్ణయం తీసుకోకండి. వేరేవాళ్ల దగ్గర నుంచి చేతికొచ్చిన సర్వర్లలో ఏ మాడ్యూల్ ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసార్లు డాక్యుమెంటులో ఉండదు.

యూనేమ్ మైనస్ ఆర్‌తో నడుస్తున్న కెర్నల్ వెర్షన్ రాసుకోండి. తర్వాత మోడ్‌ఇన్ఫో మైనస్ ఎన్ జడ్‌ఎఫ్‌ఎస్ కొట్టండి. మాడ్యూల్ ఫైలు ఏ దారిలో ఉందో చెబుతుంది, సగం జవాబు అందులోనే ఉంటుంది. లిబ్ మాడ్యూల్స్ కింద, కెర్నల్ వెర్షన్ పేరున్న డైరెక్టరీలో, కెర్నల్ అనే సబ్‌డైరెక్టరీలో ఉంటే డిస్ట్రో ఇచ్చినదే అనుకోవచ్చు. అప్‌డేట్స్ లోపలి డీకేఎంఎస్‌లో ఉంటే ఉబుంటు లేదా డెబియన్‌లో డీకేఎంఎస్ కట్టింది. ఎక్స్‌ట్రాలో ఉంటే జాగ్రత్తగా చూడాలి: రెడ్ హ్యాట్ వైపు డీకేఎంఎస్ అక్కడే పెడుతుంది, కేమాడ్ ప్యాకేజీలు అక్కడే పెడతాయి, చేత్తో మేక్ ఇన్‌స్టాల్ చేసినదీ అక్కడికే చేరవచ్చు. వీక్ అప్‌డేట్స్‌లో ఉంటే అది అసలు ఫైలు కాదు, వేరే కెర్నల్ కోసం కట్టిన మాడ్యూల్‌కు వేసిన సిమ్‌లింక్.

ఎక్స్‌ట్రాలో ఉన్నది ఎవరిదో తేల్చడానికి ఆర్‌పీఎం మైనస్ క్యూఎఫ్ ఆ ఫైలు పేరు, డెబియన్ వైపైతే డీప్యాకేజ్ మైనస్ పెద్ద ఎస్. ఏ ప్యాకేజీకీ చెందదని వస్తే డీకేఎంఎస్ స్టేటస్ చూడండి. అందులోనూ లేకపోతే ఎవరో చేత్తో పెట్టి వెళ్లిపోయారు. అలాంటిది దొరికితే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడండి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఒకే పేరుతో రెండు మాడ్యూళ్లు ఉంటే ఏది లోడ్ కావాలో డెప్‌మాడ్ (మాడ్యూళ్ల జాబితా తయారుచేసే కమాండ్) తన వెతుకులాట వరసను బట్టి తేలుస్తుంది. ఉబుంటులో ఆ వరసలో అప్‌డేట్స్ ముందు, కెర్నల్‌తో వచ్చినవి తర్వాత. అంటే ఇంటర్నెట్‌లో ఏదో గైడు చూసి ఎవరైనా జడ్‌ఎఫ్‌ఎస్ డీకేఎంఎస్ ప్యాకేజీ వేస్తే, ఉబుంటు ఇచ్చిన మాడ్యూల్‌ను అది చడీచప్పుడు లేకుండా పక్కకు నెట్టేయగలదు. ఉన్నదానికంటే కొత్తది కాకపోతే ఇన్‌స్టాల్ చేయకుండా డీకేఎంఎస్ వెర్షన్ పోల్చుకుంటుంది కాబట్టి, అన్ని సర్వర్లలో ఒకేలా జరగదు. పది సర్వర్లలో ఆరు ఒకలా, నాలుగు ఇంకోలా ఉండటానికి ఇది కూడా కారణం కావచ్చు.

ఇంకొకటి. మోడ్‌ఇన్ఫో చెప్పేది డిస్కు మీదున్న ఫైలు గురించి, మెమరీలో నడుస్తున్నదాని గురించి కాదు. నడుస్తున్నది తెలియాలంటే సిస్ మాడ్యూల్ జడ్‌ఎఫ్‌ఎస్ కింద ఉన్న వెర్షన్ ఫైలును క్యాట్ చేయండి. జడ్‌ఎఫ్‌ఎస్‌కైతే జడ్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ అనే కమాండే రెండు వరసలు ఇస్తుంది: మొదటిది కమాండ్ టూల్స్ వెర్షన్, రెండోది మాడ్యూల్ వెర్షన్. ఈ రెండూ ఒకటే కానక్కర్లేదు. ఉబుంటు 22.04లో హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం తర్వాత ఇచ్చే) కెర్నల్ 6.5కు మారిన సర్వర్లలో టూల్స్ 2.1.5 దగ్గరే ఉండిపోయి, మాడ్యూల్ మాత్రం 2.2కు వెళ్లింది. డిస్ట్రో మాడ్యూల్ వాడితే ఏ మార్పూ ఉండదనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రిలీజ్‌తో మొదట వచ్చిన కెర్నల్ మీద ఉంటే ఒక కథ, హెచ్‌డబ్ల్యూఈ మీద ఉంటే ఇంకో కథ.

చివరగా ప్రాక్ సిస్ కెర్నల్ కింద, కెర్నల్‌కు అంటిన మచ్చలను (టెయింట్) చూపే టెయింటెడ్ అనే ఫైలు. అందులో ఉండే అంకె కొన్ని జెండాల మొత్తం: 1 అంటే జీపీఎల్‌కు పొసగని లైసెన్సు, 2 అంటే బలవంతంగా లోడ్ చేసిన మాడ్యూల్, 4096 అంటే కెర్నల్ చెట్టు బయటి మాడ్యూల్, 8192 అంటే సంతకం లేని మాడ్యూల్. జడ్‌ఎఫ్‌ఎస్‌కు సీడీడీఎల్ వల్ల 1 ఎలాగూ పడుతుంది, ఉబుంటు స్వయంగా కట్టి ఇచ్చినా సరే. కాబట్టి టెయింట్ ఉంది అన్నంత మాత్రాన గాభరా పడనక్కర్లేదు. మొత్తంలో 8192 కలిసి ఉంటే, లేదా 2 ఉంటే, అప్పుడు ఆగి చూడండి.

రెండో మెట్టు: సొంత కంపైల్ నిజంగా అవసరమా?

డిస్ట్రో మాడ్యూల్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, కెర్నల్‌ను కట్టిన కంపైలరుతోనే, అదే కాన్ఫిగరేషన్‌తోనే దాన్నీ కడతారు. సంతకం వాళ్లే పెడతారు. కెర్నల్ ప్యాకేజీ వచ్చిందంటే మాడ్యూల్ కూడా వచ్చినట్టే, ఒకటి వచ్చి ఇంకొకటి రాకపోవడం ఉండదు. ఇబ్బందల్లా వెర్షనే. అది వాళ్లు ఆపిన చోట ఆగుతుంది.

బయట కట్టే మాడ్యూల్‌కు ఎదురయ్యే చిక్కు వేరే రకం. కెర్నల్ లోపలి ఫంక్షన్లు వెర్షన్ నుంచి వెర్షన్‌కు మారకుండా ఉంటాయని లినక్స్ డెవలపర్లు ఎన్నడూ మాటివ్వలేదు. ఇవ్వబోమని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు. 2019 మార్చిలో వచ్చిన 5.0 కెర్నల్‌లో ప్రాసెసర్ వెక్టర్ రిజిస్టర్లు వాడుకోవడానికి జడ్‌ఎఫ్‌ఎస్ ఆధారపడిన ఒక ఫంక్షన్‌ను బయటి మాడ్యూళ్లకు అందకుండా తీసేశారు. దాంతో చెక్‌సమ్, ఎన్‌క్రిప్షన్ లెక్కల్లో వేగం పడిపోయింది. జడ్‌ఎఫ్‌ఎస్ వాళ్లు తమదైన పద్ధతి ఒకటి రాసుకుని బయటపడ్డారు. చెట్టు లోపలి మాడ్యూల్ అయితే ఫంక్షన్‌ను తీసేసినవాళ్లే దాన్నీ సరిచేసేవాళ్లు.

కొత్త వెర్షన్ అంటే మంచి వెర్షన్ అనుకునేవాళ్లకు 2023 అక్టోబరు, నవంబరు నెలలు మంచి పాఠం. అక్టోబరులో 2.2.0 వచ్చింది, బ్లాక్ క్లోనింగ్ అనే కొత్త సదుపాయంతో. కొద్ది వారాల్లోనే కాపీ చేసిన ఫైళ్లలో కొంత భాగం సున్నాలుగా మారుతోందన్న ఫిర్యాదులు వచ్చాయి. నవంబరులో 2.2.1 విడుదల చేసి క్లోనింగ్‌ను ఆపేశారు. తవ్వి చూస్తే అసలు తప్పు క్లోనింగ్‌ది కాదని తేలింది. ఫైల్లో ఖాళీ ఎక్కడుందో అడిగినప్పుడు, ఇంకా డిస్కుకు చేరని మార్పులను సరిగా లెక్కలోకి తీసుకోకపోవడం అనే పాత బగ్ అది, ఎప్పటి నుంచో ఉంది. క్లోనింగ్ దాన్ని తరచుగా బయటపడేలా చేసిందంతే. నెలాఖరుకు 2.2.2, పాత వరసకు 2.1.14 వచ్చాయి.

దీన్ని రెండు వైపులా చూడాలి. 2.2.0 రాగానే సొంతంగా కట్టుకున్నవాళ్లకు దెబ్బ తగిలే అవకాశం ముందు, మందు దొరికిందీ ముందే. డిస్ట్రో మాడ్యూల్‌తో 2.1 మీద ఉన్నవాళ్లకు ఆ బగ్ ఉన్నా ఎదురయ్యే అవకాశం చాలా తక్కువ, కానీ ఫిక్స్ కోసం డిస్ట్రో దయ కోసం ఎదురుచూడాలి. ఈలోపు ఇద్దరికీ ఒక ఉపాయం ఉంది: జడ్‌ఎఫ్‌ఎస్ డీఎమ్‌యూ ఆఫ్‌సెట్ నెక్స్ట్ సింక్ అనే మాడ్యూల్ పారామీటరును సున్నా చేస్తే ఆ బగ్ తగిలే అవకాశం బాగా తగ్గుతుంది. దానికి కంపైల్ అక్కర్లేదు, రీబూట్ కూడా అక్కర్లేదు. అందుకే ఏదైనా బగ్ విని సొంత మాడ్యూల్ కట్టాలనిపించినప్పుడు, ముందు మోడ్‌ఇన్ఫో మైనస్ పీ కొట్టి పారామీటర్ల జాబితా చదవండి. పని అక్కడే అయిపోవచ్చు.

సొంత కంపైల్‌కు ఒప్పుకోదగ్గ కారణాలు నా దృష్టిలో మూడే. మీ హార్డ్‌వేర్‌ను డిస్ట్రో కెర్నల్ గుర్తుపట్టకపోవడం. మిమ్మల్ని నిజంగా తాకుతున్న బగ్‌కు ఫిక్స్ అసలు ప్రాజెక్టులో ఉండి, డిస్ట్రోలోకి రాకపోవడం. పూల్‌ను వేరే చోటి నుంచి తేవాల్సి వచ్చి, దానికి కొత్త ఫీచర్ తప్పనిసరి కావడం. లేటెస్ట్ కావాలి, కాస్త స్పీడు పెరుగుతుందట, వెండర్ రీడ్‌మీలో అలా రాశాడు అనేవి కారణాలు కావు. ముఖ్యంగా నెట్‌వర్క్ కార్డుల విషయంలో వెండర్ సైటులో ఉన్న నంబరు పెద్దదిగా కనిపించి మోసపోతుంటారు. చెట్టు లోపలి డ్రైవర్లలో చాలావాటికి ఇప్పుడు విడి వెర్షన్ నంబరే లేదు. ఈథ్‌టూల్ మైనస్ ఐ కొడితే కెర్నల్ వెర్షనే కనిపిస్తుంది. ఆ రెండు నంబర్లను పోల్చి చూడటంలో అర్థం లేదు.

మూడో మెట్టు: ఏ పద్ధతిలో కట్టాలి?

సర్వర్ మీదే సోర్స్ విప్పి మేక్, మేక్ ఇన్‌స్టాల్ చేసే పద్ధతి టెస్ట్ మెషీన్‌కు సరే. ప్రొడక్షన్‌కు వద్దు. దాని గురించి ఇంతకంటే రాయనక్కర్లేదు.

డీకేఎంఎస్ ఒకటి రెండు సర్వర్లున్నవాళ్లకు బాగానే పనిచేస్తుంది. కొత్త కెర్నల్ ప్యాకేజీ పడగానే అదే సోర్స్‌ను మళ్లీ కంపైల్ చేస్తుంది. కానీ ప్రతి సర్వర్ మీదా కంపైలరు, హెడర్లు (కంపైల్‌కు కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) ఉండాలి. అంతకంటే పెద్ద సమస్య, కంపైల్ అవుతుందో లేదో తెలిసేది అప్‌డేట్ చేస్తున్న క్షణంలోనే, అదీ ప్రొడక్షన్‌లోనే. ఫెయిలైతే కొన్ని వెర్షన్లు ఒక హెచ్చరిక చూపి ముందుకు పోతాయి, కొన్ని ప్యాకేజీ ఇన్‌స్టాల్‌ను సగంలో వదిలేస్తాయి. మొదటి రకం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్‌లో వచ్చిన హెచ్చరిక ఎవరి కంటా పడదు. రీబూట్ ఎప్పుడో రెండు నెలలకు చేస్తారు, అప్పుడు బయటపడుతుంది.

నాలుగైదు సర్వర్లు దాటితే వేరే బిల్డ్ మెషీన్ మీద ఒక్కసారి కట్టి, ప్యాకేజీ చేసి, మీ సొంత రిపాజిటరీ ద్వారా పంచడమే సరైన దారి. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇది కాస్త తేలిక. కొన్ని కెర్నల్ సింబళ్లు (మాడ్యూళ్లు వాడుకునే ఫంక్షన్ల పేర్ల లాంటివి) ఆ మేజర్ రిలీజ్ ఉన్నన్నాళ్లూ మారవని వాళ్లు కేఏబీఐ పేరుతో జాబితా ఇస్తారు. వాటికే కట్టుబడిన కేమాడ్ ఒకసారి కడితే, తర్వాతి కెర్నళ్లకు వీక్ మాడ్యూల్స్ స్క్రిప్టు సిమ్‌లింకులు వేసుకుంటూ పోతుంది. అయితే జడ్‌ఎఫ్‌ఎస్ లాంటి పెద్ద మాడ్యూల్ ఆ జాబితాలో లేని సింబళ్లు కూడా వాడుతుంది. కాబట్టి 9.3 నుంచి 9.4కు వెళ్లే లాంటి మైనర్ రిలీజ్ మార్పుల దగ్గర లింకు తెగవచ్చు, కొత్త కేమాడ్ వచ్చిందో లేదో చూసుకున్నాకే కదలాలి. ఉబుంటు, డెబియన్‌లలో కేఏబీఐ హామీ లేదు, ప్రతి కెర్నల్‌కూ విడిగా కట్టాల్సిందే.

నాలుగో మెట్టు: బిల్డ్ మెషీన్ సిద్ధం చేయడం

బిల్డ్ మెషీన్‌లో అదే డిస్ట్రో, అదే రిలీజ్, అదే ఆర్కిటెక్చర్ ఉండాలి. కంటైనర్‌లో కట్టినా పరవాలేదు, కానీ కంటైనర్ లోపల యూనేమ్ చెప్పేది హోస్ట్ కెర్నల్ పేరు. దాని మీద ఆధారపడే స్క్రిప్టులు తప్పు కెర్నల్‌కు కడతాయి. హెడర్ల దారిని కాన్ఫిగర్‌కు విత్ లినక్స్, విత్ లినక్స్ ఆబ్జ్ అనే ఆప్షన్లతో స్పష్టంగా ఇవ్వండి.

హెడర్ల దగ్గర రెండు పొరపాట్లు మామూలు. ఉబుంటులో ఇప్పటి కెర్నల్ హెడర్లు మాత్రమే వేసి, లినక్స్ హెడర్స్ జెనరిక్ అనే మెటా ప్యాకేజీని మరిచిపోతారు. రేపు కొత్త కెర్నల్ వస్తుంది, దాని హెడర్లు రావు. రెడ్ హ్యాట్ వైపు కెర్నల్ డెవెల్ అని మాత్రమే ఇస్తే రిపాజిటరీలో ఉన్న అన్నిటికంటే కొత్తది పడుతుంది, మీరు కట్టాల్సిన కెర్నల్‌ది కాదు. వెర్షన్ జతచేసి అడగండి.

కంపైలరు విషయంలోనూ నిర్లక్ష్యం పనికిరాదు. ఉబుంటు 22.04లో మామూలుగా వచ్చే జీసీసీ 11. హెచ్‌డబ్ల్యూఈ 6.5 కెర్నల్‌ను కట్టింది జీసీసీ 12తో. ఆ కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో ఉన్న ఒక ఫ్లాగ్, లోకల్ వేరియబుళ్లను సున్నాతో నింపమనేది, జీసీసీ 11కు తెలియదు. దాంతో అప్పటివరకు పనిచేసిన డీకేఎంఎస్ మాడ్యూళ్లు గుర్తుపట్టని ఆప్షన్ అంటూ ఆగిపోయాయి. జీసీసీ 12 వేస్తే సరిపోయింది, కానీ ఎర్రర్ లాగ్ చివరిదాకా చదవనివాళ్లు మాడ్యూల్ సోర్స్‌లో తప్పు వెతుకుతూ కూర్చున్నారు. ప్రాక్ వెర్షన్ ఫైలు చూస్తే కెర్నల్‌ను ఏ జీసీసీతో కట్టారో ఉంటుంది.

కట్టే ముందు జడ్‌ఎఫ్‌ఎస్ సోర్స్‌లో మెటా అనే చిన్న ఫైలు తెరవండి. ఈ వెర్షన్ ఏ కెర్నల్ నుంచి ఏ కెర్నల్ వరకు పనిచేస్తుందో లినక్స్ మినిమమ్, లినక్స్ మాగ్జిమమ్ అని రాసి ఉంటుంది. మీ కెర్నల్ ఆ గీత దాటి ఉంటే కంపైల్ అయినా వాడకండి. తర్వాత మేక్ ఆర్‌పీఎం కేమాడ్, లేదా మేక్ డెబ్ కేమాడ్. టూల్స్ ప్యాకేజీలు కూడా అదే సోర్స్ నుంచి కట్టుకోండి.

ప్యాకేజీ వచ్చాక లోపలి మాడ్యూల్ ఫైలు మీద మోడ్‌ఇన్ఫో నడిపి, ఏ కెర్నల్‌కు కట్టారో చెప్పే వెర్‌మ్యాజిక్ వరస చూడండి. దాని మొదట్లోని వెర్షన్ లక్ష్యంగా పెట్టుకున్న కెర్నల్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవనిదాన్ని మోడ్‌ప్రోబ్ మైనస్ ఎఫ్‌తో బలవంతంగా ఎక్కించే ఆలోచనే వద్దు, ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ విషయంలో అది డేటాతో జూదం.

ఈ మెట్టులో అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు మీ రిపాజిటరీ. డిస్ట్రో కెర్నల్ ప్యాకేజీలు నేరుగా ప్రొడక్షన్‌కు చేరకూడదు. కొత్త కెర్నల్ మీ మిర్రర్‌లోకి (డిస్ట్రో రిపాజిటరీ నకలులోకి) వచ్చినప్పుడు బిల్డ్ దానంతటదే మొదలవ్వాలి. మాడ్యూల్ ప్యాకేజీ తయారై, ఒక టెస్ట్ మెషీన్‌లో లోడ్ అయి, పూల్ ఇంపోర్ట్ అయ్యాకే ఆ కెర్నల్, మాడ్యూల్ రెండూ కలిసి ప్రొడక్షన్ రిపాజిటరీలోకి వెళ్లాలి. అంతవరకు వెళ్లలేకపోతే కనీసం ఏపీటీ మార్క్ హోల్డ్ లేదా డీఎన్‌ఎఫ్ వెర్షన్‌లాక్‌తో కెర్నల్‌ను ఆపి పెట్టండి, ఉబుంటులో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ బ్లాక్‌లిస్టులోనూ చేర్చండి. ఆపి పెట్టి మరిచిపోతే సెక్యూరిటీ ఫిక్సులు కూడా ఆగిపోతాయి కాబట్టి, హోల్డ్ తీసే తేదీ ఎవరి క్యాలెండర్‌లో ఉందో ముందే తేల్చుకోండి.

అయిదో మెట్టు: సంతకం

సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్న కోడ్‌నే బూట్‌లో నడవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్ లోడ్ కాదు. ఎంఓకే యుటిల్ మైనస్ మైనస్ ఎస్‌బీ స్టేట్ కొడితే ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే మీ సొంత కీ ఒకటి తయారు చేసి, ఎంఓకే యుటిల్ ఇంపోర్ట్‌తో నమోదుకు పెట్టి, రీబూట్ చేయాలి. బూట్ అయ్యేటప్పుడు నీలి తెర వస్తుంది. అక్కడ కొన్ని సెకన్లలో ఏదో ఒక మీట నొక్కి, ముందు ఇచ్చిన పాస్‌వర్డ్ కొట్టాలి. నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, కీ చేరదు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని డేటా సెంటర్ సర్వర్లు చూసుకునేవాళ్లు ఐడ్రాక్ లేదా ఐఎల్‌ఓ లాంటి రిమోట్ కన్సోల్ పనిచేస్తోందో లేదో ఆ రాత్రికి ముందే చూసుకోవాలి. ఎస్‌ఎస్‌హెచ్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

డీకేఎంఎస్ వాడితే సంతకం పెట్టే ప్రైవేట్ కీ ఆ సర్వర్ మీదే ఉంటుంది. రూట్ చేజిక్కించుకున్న దొంగ అదే కీతో తన మాడ్యూల్‌కూ సంతకం పెట్టుకోగలడు, సెక్యూర్ బూట్ పెట్టిన ఉద్దేశమే పోతుంది. బిల్డ్ మెషీన్ పద్ధతిలో ప్రైవేట్ కీ అక్కడే ఉండిపోయి, సర్వర్లకు సర్టిఫికెట్ మాత్రమే వెళ్తుంది. నేను ఆ పద్ధతినే ఎంచుకోమనడానికి ఇదొక్కటి చాలు.

సంతకానికి కెర్నల్ హెడర్లలోనే సైన్ ఫైల్ అనే ప్రోగ్రామ్ ఉంది. హ్యాష్ పేరు, కీ, సర్టిఫికెట్, మాడ్యూల్ వరసగా ఇవ్వాలి. సంతకం ఫైలు చివర అతికించి ఉంటుంది కాబట్టి, దాని తర్వాత స్ట్రిప్ (ఫైల్లోంచి అదనపు సమాచారం తీసేసే టూల్) నడిస్తే ఊడిపోతుంది. ఆర్‌పీఎం బిల్డ్ చివర్లో తనంతట తాను స్ట్రిప్ చేసే అలవాటున్నది, స్పెక్ ఫైల్లో ముందే ఆపండి. ఎక్స్‌జడ్, జడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ మాత్రం సంతకం తర్వాతే చేయాలి.

మాడ్యూల్ లోడ్ కాకపోతే ఎర్రర్ మాటను బట్టే కారణం తెలిసిపోతుంది. కీ వాజ్ రిజెక్టెడ్ అంటే సంతకం లేదు, లేదా సంతకం చేసిన కీ నమోదు కాలేదు. ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్ అంటే చాలావరకు వెర్‌మ్యాజిక్ కలవలేదు. అన్‌నోన్ సింబల్ అంటే కెర్నల్ మారింది, లేదా తోడు మాడ్యూల్ పాతది. పూర్తి వివరం డీమెసేజ్ చివరి వరసల్లో ఉంటుంది.

ఆరో మెట్టు: ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్

డిస్కు మీద కొత్త మాడ్యూల్ పెట్టారు, రీబూట్ చేశారు, అయినా పాతదే నడుస్తోంది. రూట్ ఫైల్‌సిస్టమ్ జడ్‌ఎఫ్‌ఎస్ అయినా, బూట్‌లో తొందరగా కావాల్సిన స్టోరేజ్ డ్రైవర్ అయినా ఇది జరుగుతుంది, ఎందుకంటే మాడ్యూల్ అక్కడ, బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్‌సిస్టమ్ నుంచి లోడ్ అవుతుంది. ఉబుంటులో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మైనస్ యూ, రెడ్ హ్యాట్‌లో డ్రాకట్ మైనస్ ఎఫ్ నడపండి, రెంటికీ కెర్నల్ వెర్షన్ పేరు ఇచ్చి మరీ. తర్వాత ఎల్ఎస్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేదా ఎల్ఎస్ ఇనిట్‌ఆర్‌డీతో లోపల ఏ దారిలోని ఫైలు ఉందో కళ్లారా చూడండి.

ఏడో మెట్టు: రీబూట్ చేసే రోజు

రీబూట్‌కు ముందే జవాబు తెలియాలి. మోడ్‌ఇన్ఫో మైనస్ కే ఆప్షన్‌కు కొత్త కెర్నల్ వెర్షన్ ఇచ్చి జడ్‌ఎఫ్‌ఎస్ అడగండి. అది దారి, సంతకం, వెర్‌మ్యాజిక్ చూపిస్తే ముందుకు వెళ్లండి. దొరకలేదంటే ఆ రాత్రి రీబూట్ లేదు, ఎవరెంత టెన్షన్ పెట్టినా సరే. ఈ చిన్న చెక్‌ను రీబూట్ స్క్రిప్టులోనే పెట్టేస్తే అర్ధరాత్రి నిద్రమత్తులో మరిచిపోయే పని ఉండదు.

పాత కెర్నల్, దాని మాడ్యూల్ రెండూ అలాగే ఉంచండి. ఆటోరిమూవ్ వాటిని ఊడ్చేయలేదని చూసుకోండి. కొత్త కెర్నల్‌ను డిఫాల్ట్ చేయకుండా, గ్రబ్ రీబూట్ కమాండ్‌తో ఒక్కసారి మాత్రమే బూట్ అయ్యేలా పెట్టండి. ఉబుంటులో దీనికి గ్రబ్ డిఫాల్ట్ సెట్టింగ్ సేవ్డ్ అని ఉండాలి. కెర్నల్ కమాండ్ లైన్‌లో పానిక్ ఈక్వల్ 30 చేర్చితే, బూట్‌లో పానిక్ అయినప్పుడు 30 సెకన్లకు తనే రీబూట్ అయి పాత కెర్నల్‌కు వెనక్కి వస్తుంది. పానిక్ కాకుండా నెట్‌వర్క్ మాత్రమే పోతే ఇది ఆదుకోదు, అప్పుడు కన్సోల్ ఒక్కటే దిక్కు.

ముందు ఒకే ఒక్క సర్వర్. క్లస్టర్‌లో అందరికంటే తక్కువ పని ఉన్నది ఎంచుకుని, మామూలు లోడ్ కనీసం ఒక పూర్తి రోజు దాని మీద నడవనివ్వండి. బ్యాకప్ జాబ్, స్క్రబ్ (పూల్ డేటా మొత్తాన్ని సరిచూసే పని) లాంటివి ఆ రోజులో వచ్చేలా చూడండి, ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ తప్పులు ఖాళీగా ఉన్న సర్వర్‌లో బయటపడవు.

ఎనిమిదో మెట్టు: వెనక్కి రావడం

సొంత మాడ్యూల్ శాశ్వతం కానక్కర్లేదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మాడ్యూల్ 2020 మార్చిలో 5.6 కెర్నల్‌తో చెట్టులోకి వచ్చింది, ఉబుంటు దాన్ని 20.04లోని 5.4 కెర్నల్‌కు కూడా తెచ్చింది. అప్పటిదాకా డీకేఎంఎస్‌తో నడిపినవాళ్లు ఆ రోజు నుంచి దాన్ని తీసేయవచ్చు. తీయనివాళ్లు అవసరం లేని కంపైల్‌ను మోస్తూనే ఉన్నారు. మీరు ఏ కారణంతో సొంతంగా కట్టారో రాసి పెట్టుకుని, డిస్ట్రో కొత్త రిలీజ్ వచ్చినప్పుడల్లా ఆ కారణం ఇంకా మిగిలి ఉందా అని చూడండి.

జడ్‌ఎఫ్‌ఎస్‌లో వెనక్కి రావడానికి అడ్డుపడేది మాడ్యూల్ కాదు, పూల్. కొత్త మాడ్యూల్ వేయగానే పూల్ అప్‌గ్రేడ్ చేయమని జడ్‌పూల్ స్టేటస్ మర్యాదగా సలహా ఇస్తుంది. చేయకండి. అప్‌గ్రేడ్ చేస్తే కొత్త ఫీచర్ ఫ్లాగులు ఎనేబుల్ అవుతాయి, వాడకంలో అవి యాక్టివ్ అయిపోతాయి. యాక్టివ్ అయిన ఫీచర్ తెలియని పాత మాడ్యూల్ ఆ పూల్‌ను రాయడానికి ఇంపోర్ట్ చేయదు. కొన్ని ఫీచర్లకైతే చదవడానికి మాత్రం ఒప్పుకుంటుంది, కొన్నింటికి అదీ లేదు. జడ్‌పూల్ గెట్ ఆల్ కొట్టి ఫీచర్ వరసలు చూడండి. ఎనేబుల్డ్ దగ్గర ఉన్నవి ఇబ్బంది పెట్టవు, యాక్టివ్ అని ఉన్నవాటిని డిస్ట్రో మాడ్యూల్ గుర్తిస్తుందో లేదో పోల్చుకోవాలి. కొత్త పూల్ సృష్టిస్తుంటే, 2.1 నుంచి వచ్చిన కంపాటిబిలిటీ ప్రాపర్టీకి డిస్ట్రో వెర్షన్ సెట్టింగ్ ఇవ్వండి. అప్పుడు పొరపాటున అప్‌గ్రేడ్ కొట్టినా ఆ గీత దాటదు.

పూల్ అనుకూలంగా ఉందని తేలాక మిగిలినది తేలిక. డీకేఎంఎస్ అయితే డీకేఎంఎస్ రిమూవ్‌తో అన్ని కెర్నళ్ల నుంచీ తీసేసి, ప్యాకేజీని పర్జ్ చేయండి. కేమాడ్ అయితే ప్యాకేజీ తీసేయండి. అప్‌డేట్స్‌లోనూ, ఎక్స్‌ట్రాలోనూ, వీక్ అప్‌డేట్స్‌లోనూ ఆ పేరుతో ఫైలు మిగల్లేదని ఫైండ్‌తో వెతికి చూడండి, డెప్‌మాడ్ మైనస్ ఏ నడపండి, ప్రతి కెర్నల్‌కూ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ కట్టండి. టూల్స్‌ను డిస్ట్రో వెర్షన్‌కు మార్చండి. రీబూట్ అయ్యాక మోడ్‌ఇన్ఫో మైనస్ ఎన్ ఈసారి కెర్నల్ డైరెక్టరీని చూపించాలి, సిస్ మాడ్యూల్ కింది వెర్షన్ దానితో కలవాలి. ఆ సర్వర్ మీద ఇంకేదీ కంపైల్ చేసే పని లేకపోతే జీసీసీని, హెడర్లను కూడా తీసేసి, ఎంఓకే (నమోదైన కీల జాబితా)లో మీ కీని ఎంఓకే యుటిల్ డిలీట్‌తో రద్దు చేయండి. దానికి కూడా కన్సోల్ ముందు కూర్చుని ఆ నీలి తెర దాటాల్సిందే.